అలన్ ట్యూరింగ్ - మాటాడు యంత్రము

మనసులోని బరువును దించుకొనుటకు మనిషి మనిషిని వెదకుకొనుట అనాదిగా వచ్చుచున్నది. కన్నతల్లియో, తోబుట్టువో, ప్రాణస్నేహితుడో, చదువు చెప్పిన గురువో ఆ మాట వినుచుండిరి. 2022 నవంబరు 30వ తేదీన చాట్‌జీపీటీ అను చాట్‌బాట్ విడుదలయైన పిమ్మట ఈ వరుసలో ఒక యంత్రము వచ్చి చేరినది. ఏ వేళ పలుకరించినను విసుగు చెందక బదులిచ్చు ఈ యంత్రము కర్నూలు, కడప పట్టణములలోని విద్యార్థుల చేతి ఫోనులోనికి గూడ వచ్చినది. దేశదేశములలో పాఠములందలి సందేహములు తీర్చుకొనుటకై దానిని తెరచినవారు కొందరు, క్రమముగా పరీక్షల భయమును, ఇంటి కలతలను, ఒంటరితనమును గూడ దానికి చెప్పుకొనుచున్నారు.

యంత్రము మనిషివలె మాటాడగలదా అను ప్రశ్నకు ఒక పరీక్షను కల్పించి ప్రసిద్ధుడైనవాడు ఆంగ్ల గణితశాస్త్రజ్ఞుడు అలన్ ట్యూరింగ్. ఆతని తండ్రి కర్నూలు జిల్లాలో కొలువు చేసిన దొర. ఆతని మాతామహుడు తుంగభద్రపై రైలు వంతెన కట్టించిన ఇంజనీరు. మాటాడు యంత్రమును గూర్చి అంతగా ఆలోచించిన ఆ మేధావి తన దుఃఖమును ఎవరెవరికి చెప్పుకొనెను? వారు ఆతనికి ఏమి చేసిరి? ఈ రెండు ప్రశ్నలకు ఆతని జీవితములో లభించు సమాధానములు నేటి ఉపాధ్యాయులును, విద్యార్థులును తప్పక తెలిసికొనదగినవి.

తెలుగునేలతో సంబంధము

అలన్ తండ్రి జూలియస్ మాథిసన్ ట్యూరింగ్. ఇండియన్ సివిల్ సర్వీసు పరీక్షలో ఉత్తీర్ణుడై ఆయన 1896 డిసెంబరులో మద్రాసు రాజధానిలో ఉద్యోగమున ప్రవేశించెను. అది నేటి రాయలసీమ జిల్లాలకు కరవు కాలము. 1896-97 సంవత్సరములలో వచ్చిన ఆ క్షామము బళ్లారి, అనంతపురము, కర్నూలు, కడప సీమలను పీడించినది. తరువాతి పదేండ్లలో జూలియస్ బళ్లారి, కర్నూలు, విశాఖపట్టణము జిల్లాలలో అసిస్టెంటు కలెక్టరుగను, మేజిస్ట్రేటుగను పనిచేసెను. గ్రామగ్రామము తిరిగి సేద్యమును, నీటి వనరులను, పారిశుధ్యమును, టీకాలను, కరణముల లెక్కలను తనిఖీ చేయుట ఆయన పని. ఆ పనికై ఆయన తెలుగు నేర్చుకొనెను.

1907లో సెలవుపై స్వదేశమునకు పోవుచు ఓడలో ఆయన ఈథెల్ సారా స్టోనీ అను యువతిని కలిసికొనెను. ఆమె తండ్రి ఎడ్వర్డ్ వాలర్ స్టోనీ మద్రాసు రైల్వేలలో చీఫ్ ఇంజనీరు. తుంగభద్రపై వంతెన నిర్మాణము ఆయన చేతి మీదుగా జరిగినది. చప్పుడు చేయని పంకా చక్రమును గూడ ఆయన కనిపెట్టెను. జూలియస్, ఈథెల్ ఆ సంవత్సరము అక్టోబరు 1వ తేదీన డబ్లిన్ నగరములో వివాహమాడిరి. 1908లో కూనూరులో వారి పెద్దకుమారుడు జాన్ పుట్టెను. పిమ్మట జూలియస్ ఉద్యోగమువెంట ఆ కుటుంబము పార్వతీపురము, విశాఖపట్టణము, అనంతపురము, బెజవాడ, శ్రీకాకుళము, కర్నూలు ఊళ్లు తిరిగి 1911లో గంజాము జిల్లాలోని ఛత్రపురము చేరినది. అక్కడ ఈథెల్ మరల గర్భవతి అయ్యెను. భార్యాభర్తలు ఇంగ్లండునకు పోయిరి. 1912 జూన్ 23వ తేదీన లండనులో అలన్ జన్మించెను. అన్న శైశవము తెలుగు ఊళ్లలో గడచినది గాని, అలన్ ఈ నేలను ఎన్నడును చూడలేదు.

ఆ కాలపు ఆంగ్లోద్యోగులు తమ బిడ్డలను ఆరోగ్యము కొరకును, చదువు కొరకును స్వదేశములో ఇతరుల యింట ఉంచి తాము ఇండియాకు వచ్చుచుండిరి. ట్యూరింగ్ దంపతులును అట్లే చేసిరి. సముద్రతీరమునందలి సెయింట్ లెనార్డ్స్ అను ఊరిలో వార్డ్ అను విశ్రాంత కల్నలు కుటుంబము కలదు. 1913లో తల్లి ఇండియాకు మరల వచ్చునప్పటికి అలన్ ఏడాది దాటిన పసివాడు. అన్నదమ్ములిరువురును వార్డ్ దంపతుల ఇంట పెరిగిరి. మొదటి ప్రపంచ యుద్ధకాలమున తల్లి కొన్నేండ్లు వారిచెంత నిలిచినది గాని, తక్కిన కాలములో తల్లిదండ్రులు సెలవులకు వచ్చి పోవు చుట్టములు. మద్రాసు రాజధానినుండి ఓడపై వచ్చు ఉత్తరములే ఆ బిడ్డలకు అమ్మానాన్నలు. దూరమునుండి వచ్చు అక్షరములలో మనిషిని పోల్చుకొనుట అలన్‌కు పసితనముననే అలవాటయ్యెను.

స్నేహము - శోకము

1926లో అలన్ షెర్బోర్న్ పాఠశాలలో చేరెను. బడి తెరచు వేళకు ఇంగ్లండులో సార్వత్రిక సమ్మె జరుగుచుండెను. రైళ్లు లేవు. పదమూడేండ్ల ఆ బాలుడు సౌతాంప్టన్ రేవునుండి అరువది మైళ్లు సైకిలు తొక్కుకొనుచు బడికి చేరెను. లెక్కలలోను, రసాయనశాస్త్రములోను ఆతనికి గల ఆసక్తి అంతయింత కాదు. కాని చేతివ్రాత గజిబిజి. దుస్తులపై శ్రద్ధ లేదు. ఆటలలో చురుకుదనము తక్కువ. గ్రీకు, లాటిన్ భాషలకు పెద్దపీట వేయు ఆ పాఠశాలలో ఆతడు ఒంటరివాడయ్యెను.

ఆ ఒంటరితనమును పోగొట్టినవాడు క్రిస్టఫర్ మార్కమ్. ఆతడు అలన్ కంటె ఒక ఏడాది పెద్దవాడు. గణితమునందును, నక్షత్రశాస్త్రమునందును ఉత్సాహము గలవాడు. ఇరువురును కలిసి ప్రయోగములు చేసిరి, లెక్కలు చర్చించిరి, సెలవులలో ఉత్తరములు వ్రాసికొనిరి. 1929 డిసెంబరులో కేంబ్రిడ్జి విద్యార్థివేతనపు పరీక్షకు కలిసి పోయిరి. క్రిస్టఫర్‌కు వేతనము లభించెను; అలన్‌కు ఆసారి లభింపలేదు. చిన్ననాడు త్రాగిన కలుషితమైన పాలవలన సంక్రమించిన క్షయ క్రిస్టఫర్‌ను లోలోపల తినివేయుచుండెను. 1930 ఫిబ్రవరి 13వ తేదీన ఆ బాలుడు మరణించెను. అప్పటికి అలన్ వయసు పదునేడేండ్లు.

అలన్ తన దుఃఖమును చెప్పుకొనుటకు ఎవరిని ఎంచుకొనెనో గమనింపదగినది. ఆతడు క్రిస్టఫర్ తల్లికి ఉత్తరము వ్రాసెను. ఆమె కుమారుని పోగొట్టుకొన్న తల్లి. ఆతడు స్నేహితుని పోగొట్టుకొన్న బాలుడు. ఒకరి దుఃఖమును వేరొకరు వివరింప నక్కరలేని సంబంధమది. ఆమె ఆతనికి బదులు వ్రాయుటతో ఆగలేదు. తమ కుటుంబము జిబ్రాల్టరునకు చేయు ప్రయాణములో కుమారుడు పోవలసిన చోట అలన్‌ను తోడుకొని పోయెను. వూస్టర్‌షైరులోని తమ యింటికి పలుమార్లు పిలిపించుకొనెను. క్రిస్టఫర్ పేర మార్కమ్ దంపతులు పాఠశాలలో నెలకొల్పిన విజ్ఞానశాస్త్ర బహుమానమును 1930లోను, 1931లోను అలన్ గెలుచుకొనెను. ఆ తల్లికి ఆ బాలుని రాక ఎంత అవసరమో, ఆ బాలునకు ఆమె ఇల్లు అంత అవసరము. ఓదార్పు అటు ఇటు రెండు దిక్కుల ప్రవహించినది.

ఆ రోజులలో ఆమె కొరకు అలన్ ఆత్మ స్వరూపమును గూర్చి ఒక చిన్న వ్యాసము వ్రాసి యిచ్చెను. దేహము సజీవమైనంతకాలము ఆత్మను పట్టి ఉంచుననియు, దేహము నశించిన పిదప ఆత్మ నేడో రేపో మరియొక దేహమును చేరుననియు అందులో ఊహించెను. గీత చదివిన తెలుగువానికి ఈ ఊహ క్రొత్తగా తోచదు. ఆతడు గీతను చదివి వ్రాసినాడని చెప్పుట కాదు. చనిపోయిన మిత్రుడు ఎక్కడనో ఉన్నాడని నమ్మవలసిన అవసరము ఆ బాలునిచేత వ్రాయించినది. దేహయంత్రమునకును మనస్సునకును గల సంబంధమేమి అను ప్రశ్న అప్పటినుండి ఆతనిని విడువలేదు.

కాగితముపై యంత్రము

1931లో ఆతడు కేంబ్రిడ్జిలోని కింగ్స్ కళాశాలలో చేరి, 1935లో ఇరువదిరెండేండ్ల వయసున అచట ఫెలో అయ్యెను. 1936లో ఆతడు వ్రాసిన పరిశోధన వ్యాసము నేటి కంప్యూటరు శాస్త్రమునకు పునాది. ఆ కాలమున కంప్యూటరు అను మాటకు లెక్కలు చేయు మనిషి అని అర్థము. అట్టి మనిషి పనిని ట్యూరింగ్ అతి చిన్న చిన్న అడుగులుగా విడదీసెను. మన పల్లెలోని కరణము చిట్టా ముందు పెట్టుకొని కూర్చున్నట్లు భావించుకొందము. ఆయన ఒక్కొక్క గడిలోని అంకెను చూచును; నియమము ప్రకారము దానిని ఉంచును లేదా కొట్టివేసి వేరొకటి వ్రాయును; పక్క గడికి పోవును. ట్యూరింగ్ ఊహించిన యంత్రము ఇంతకన్న ఎక్కువ చేయదు. గడులు గల ఒక పొడవైన పట్టీ, ఒక్కొక్క గడిని చదివి వ్రాయు తల, కొన్ని నియమములు, ఇవియే ఆ యంత్రము. ఆ నియమములను గూడ పట్టీపై వ్రాసి యిచ్చినచో ఒకే యంత్రము అన్ని యంత్రముల పనిని చేయగలదని ఆతడు నిరూపించెను. ఇట్టి ఏ యంత్రమునకును సాధ్యము కాని ప్రశ్నలు గలవని గూడ ఆ వ్యాసములోనే చూపెను.

పిమ్మట రెండేండ్లు అమెరికాలోని ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయమున చదివి 1938లో డాక్టరు పట్టము పొంది తిరిగి వచ్చెను. 1939 సెప్టెంబరులో యుద్ధము ప్రకటింపబడిన మరునాడు బ్లెచ్లీ పార్కు అను రహస్య కేంద్రమునకు చేరెను. జర్మనులు ఎనిగ్మా అను యంత్రముతో తమ సందేశములను సంకేతములుగా మార్చుచుండిరి. ఆ సంకేతముల అమరిక దినదినమును మారుచుండెను. వానిని ఛేదించుటకు బోంబ్ అను యంత్రమును ట్యూరింగ్ రూపొందించెను. సహచరుడు గోర్డన్ వెల్చ్‌మన్ దానిని మెరుగుపరచెను. జలాంతర్గాముల సంకేతములను ఛేదించు శాఖకు ట్యూరింగ్ నాయకుడై, అట్లాంటిక్ సముద్రముపై ఓడలను కాపాడుటలో ముఖ్యపాత్ర వహించెను. వేలాది మంది పనిచేసిన ఆ స్థలపు రహస్యము 1970 దశకము వరకు బయటపడలేదు. తాను చేసిన గొప్ప పనిని ఆతడు కన్నతల్లికి గూడ చెప్పుకొనలేకపోయెను.

చెప్పుకొనరాని విషయము ఆతనికి మరియొకటి కలదు. ఆతని అనురాగము పురుషులపైననే కలుగుచుండెను. అట్టి సంబంధమును 1885 నాటి చట్టము ఇంగ్లండులో నేరముగా పరిగణించుచుండెను. 1941లో తన సహోద్యోగిని జోన్ క్లార్క్ అను గణితవేత్తతో ఆతనికి వివాహము నిశ్చయమయ్యెను. నిశ్చయమైన కొద్ది దినములకే తన స్వభావమును గూర్చి ఆమెకు దాచక చెప్పెను. ఆమె కలవరపడలేదు. అయినను ఆమె జీవితమునకు అన్యాయము జరుగునని తలచి కొన్ని నెలల పిదప ఆతడే ఆ వివాహమును వద్దనుకొనెను. వారి స్నేహము మాత్రము చెడలేదు. నిజము విని కూడ ముఖము త్రిప్పుకొనని మనిషి ఆతనికి లభించిన సందర్భములలో ఇది యొకటి.

అనుకరణ క్రీడ

యుద్ధానంతరము ఆతడు జాతీయ భౌతిక ప్రయోగశాలలో కంప్యూటరు నిర్మాణమునకు ప్రణాళిక సిద్ధము చేసి, 1948లో మాంచెస్టరు విశ్వవిద్యాలయమునకు పోయెను. 1950 అక్టోబరులో మైండ్ అను తత్త్వశాస్త్ర పత్రికలో ప్రకటించిన వ్యాసములో ఆతడు తన పరీక్షను వివరించెను. ప్రశ్నించువాడు ఒక గదిలో నుండును. వేరొక చోట ఒక మనిషి, ఒక యంత్రము ఉందురు. ముఖము కానరాదు, కంఠము వినరాదు, టైపు చేసిన అక్షరములే రాకపోకలు సాగించును. బదులిచ్చునది మనిషియో యంత్రమో ప్రశ్నించువాడు పోల్చుకొనలేకపోయినచో యంత్రము ఆలోచించుచున్నదని ఒప్పుకొనుటకు అభ్యంతరమేమి అని ఆతని వాదము. సుమారు ఏబది ఏండ్లలో, అయిదు నిమిషముల సంభాషణ తరువాత నూటికి ముప్పది పర్యాయములు మనిషిని భ్రమింపజేయగల యంత్రములు వచ్చునని ఊహించెను.

దీనిని అంగీకరింపని వారిలో మెదడు శస్త్రవైద్యుడు జెఫ్రీ జెఫర్సన్ ఒకడు. యంత్రము పద్యము వ్రాసినను, తన లోపలి భాగము చెడినప్పుడు అది దుఃఖపడలేదని ఆయన 1949లోనే వాదించెను. ఎదుటి మనిషి దుఃఖపడుచున్నాడని గూడ మనకు ఆతని మాటలవలనను, చేష్టలవలననే గదా తెలియుచున్నది అని ట్యూరింగ్ సమాధానము. ఈ సమాధానములో తర్కబలము కలదు. అయితే ట్యూరింగ్ ఆ వ్యాసములో చర్చించినది ఆలోచనను గూర్చి, మాటను గూర్చి. దుఃఖములో నున్నవానికి తోడుగా యంత్రము నిలువగలదా అని ఆతడు అడుగలేదు. ఆ ప్రశ్నకు సమాధానము వ్యాసములో లేదు. ఆతని జీవితమున వెదకవలెను.

చెప్పిన నిజము - పడిన శిక్ష

1951లో ఆతడు రాయల్ సొసైటీ సభ్యుడయ్యెను. మరుసటి ఏడాది జనవరిలో ఆతని యింట దొంగతనము జరిగెను. ఆతడు పోలీసులకు తెలిపెను. విచారణలో, ఆ దొంగను ఎరిగిన ఒక యువకునితో తనకు గల సంబంధమును దాచక చెప్పివేసెను. సత్యము చెప్పుటవలన కీడు కలుగునని ఆతడు ఊహించినట్లు లేదు. దొంగతనపు ఫిర్యాదు చేసినవాడే ముద్దాయి అయ్యెను. 1952 మార్చి 31న న్యాయస్థానము ఆతనిని దోషిగా నిర్ణయించి, చెరసాలకు బదులుగా ఒక సంవత్సరము హార్మోను చికిత్సకు లోబడవలెనని షరతు విధించెను. ఆ మందు ఆతని శరీరమును వికృతపరచెను. ప్రభుత్వ సంకేత విభాగమునకు ఆతడు చేయుచున్న రహస్య సేవ అంతటితో ముగిసెను. దేశమును కాపాడిన మేధావిని దేశమే అనుమానించెను.

ఆ దుర్దినములలో, 1952 శరత్కాలమున ఆతడు ఫ్రాంజ్ గ్రీన్‌బామ్ అను మనోవైద్యుని ఆశ్రయించెను. ఆయన జర్మనీనుండి శరణార్థియై వచ్చిన యూదుడు. ఆయన సలహాపై ట్యూరింగ్ తన కలలను పుస్తకములలో వ్రాసికొనెను. క్రమముగా ఆ వైద్యుని ఇల్లే ఆతనికి ఒక ఆశ్రయమయ్యెను. ఆ యింట భోజనము చేసెను. ఆయన చిన్న కుమార్తెలతో ఆడుకొనెను. మాంచెస్టరులో ఆ నాటికి కంప్యూటరు కలదు. టైపు అక్షరములతో దానిని నడపుటలో ట్యూరింగ్‌ను మించినవాడు లేడు. అయినను మనసు చెప్పుకొనుటకు ఆతడు ఒక మనిషి వాకిలి తట్టెను.

1954 మే మాసములో ఆ కుటుంబముతో కలిసి బ్లాక్‌పూల్ సముద్రతీరమునకు పోయినప్పుడు అచటి సోదె చెప్పు స్త్రీని ఆతడు చూడబోయెను. వెలుపలికి వచ్చునప్పటికి ముఖము తెల్లబోయి ఉండెను. ఆమె ఏమి చెప్పెనో ఆతడు ఎవరికిని తెలుపలేదు. జూన్ 7వ తేదీ రాత్రి ఆతడు తన యింట మరణించెను. మరునాడు పనిమనిషి చూచి తెలిపెను. విషప్రభావమున జరిగిన ఆత్మహత్యయని విచారణాధికారి నిర్ణయించెను. ఇంట రసాయన ప్రయోగములు చేయు అలవాటు గలవాడు గనుక అది ప్రమాదమేయని తల్లి కడవరకు నమ్మెను. ఆతనికి అప్పుడు నలుబదిరెండేండ్లు నిండలేదు. 1959లో ఆ వృద్ధమాత తన కుమారుని జీవితచరిత్రను తానే వ్రాసి ప్రకటించెను. బాల్యములో దూరము చేసికొనిన బిడ్డను ఆమె వార్ధక్యమున అక్షరములలో చేర్చుకొనెను.

గ్రీన్‌బామ్ స్నేహము ఆతనిని నిలుపలేకపోయెను గదా అని అడుగవచ్చును. నిజమే. నిజము చెప్పినవానిని చట్టము దండించు చోట, వినువాడొక్కడు ఉన్నంతమాత్రమున ఆ భారమంతయు తీరదు. ఇంగ్లండులో ఆ చట్టము 1967లో సవరింపబడినది. మన దేశమున 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు తీర్పుతో అట్టి సంబంధము నేరము గాకపోయినది. 2009లో బ్రిటిషు ప్రధాని గోర్డన్ బ్రౌన్ ప్రభుత్వము పక్షమున ట్యూరింగ్ విషయమై క్షమాపణ చెప్పెను. 2013లో రాణి క్షమాభిక్ష ప్రసాదించెను. 2021లో ఆతని బొమ్మతో ఏబది పౌన్ల నోటు వెలువడెను. ఇన్ని మర్యాదలలో ఏ ఒక్కటియు సకాలమున రాలేదు.

యంత్రము నేర్చిన మాటలు

ట్యూరింగ్ మరణించిన పండ్రెండేండ్లకు, 1966లో, అమెరికాలోని మాసచూసెట్స్ సాంకేతిక సంస్థకు చెందిన జోసెఫ్ వైజెన్‌బామ్ ఎలైజా అను ప్రోగ్రామును ప్రకటించెను. అది మనోవైద్యునివలె నటించును. ఎదుటివాడు టైపు చేసిన వాక్యములోని మాటలనే అటు ఇటు మార్చి తిరుగు ప్రశ్నగా వేయును. దానికి అర్థమగునది ఏమియు లేదు. అయినను దాని తయారీని కనులార చూచిన ఆయన కార్యదర్శిని, దానితో మాటాడుట ప్రారంభించి, కొంతసేపు గది విడిచి పొమ్మని ఆయననే కోరినది. వైజెన్‌బామ్ విస్మయపడెను. యంత్రమునకు అప్పగింపరాని పనులు కొన్ని గలవని 1976లో ఒక గ్రంథమే వ్రాసెను.

నేటి చాట్‌బాట్ ఎలైజా కంటె ఎన్నో రెట్లు నేర్పరి. మనుష్యులు వ్రాసిన అపారమైన వాఙ్మయమునుండి ఏ మాట వెంబడి ఏ మాట వచ్చునో గ్రహించి అది వాక్యములను అల్లును. 2025లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు శాండియాగో శాఖ పరిశోధకులు ట్యూరింగ్ పరీక్షవంటి పరీక్షను జరిపిరి. మనిషివలె నటింపుమని చెప్పబడిన ఒక చాట్‌బాట్‌ను నూటికి డెబ్బదిమూడు పర్యాయములు ప్రశ్నించినవారు మనిషియనుకొనిరి. ట్యూరింగ్ ఊహ ఆలస్యముగానైనను నెరవేరినది.

ఈ యంత్రమునకు చెప్పుకొనువారిని తూలనాడుట తగదు. ఇది వీధిలో చాటదు, ఎగతాళి చేయదు, తెల్లవారుజాము మూడు గంటలకును మేలుకొని ఉండును. నోట పెగలని బాధకు మాటలు కూర్చుకొనుటకు కొందరికి తోడ్పడవచ్చును. కాని దాని తీరును ఎరిగి ఉండవలెను. చెప్పిన మాటలు ఏదో సంస్థవారి కంప్యూటరులలో నిలిచి ఉండవచ్చును. అడిగినవాని మనసునకు ఇంపుగా పలుకు గుణము దానికి కలదు. 2025 ఏప్రిలులో చాట్‌జీపీటీ మితిమీరిన పొగడ్తకు దిగినదని, ఓపెన్‌ఏఐ సంస్థవారే తాము చేసిన మార్పును ఉపసంహరించుకొనిరి. తప్పుదారిన పోవువానికి వద్దని అడ్డుపడవలసిన వేళ ఔనని తల యూపు చెలికాడు ప్రమాదకారి. పైగా బదులు రాని గదిలో ఏమి జరుగుచున్నదో అది చూడలేదు, తలుపు తట్టలేదు.

పలుకరింపు

రాయలసీమ పల్లెలో ఒక ఇంట చావు జరిగినచో ఆ ఇంట పొయ్యి వెలుగదు. ఇరుగుపొరుగువారు అన్నము వండి తెచ్చెదరు. దూరపు చుట్టము సేద్యము పని విడిచి, రెండు బస్సులు మారి వచ్చి అరుగుమీద కూర్చుండును. దీనిని మనవారు పలుకరింపు అందురు. పేరు పలుకరింపేయైనను అక్కడ పలుకు మాటలు చాల తక్కువ. కొందరు ఒక్కమాటయు పలుకక, చేయి పట్టుకొని కొంతసేపు కూర్చుండి లేచి పోవుదురు. ఆ నాలుగు మాటలను నేటి యంత్రము రెప్పపాటులో, ఇంతకన్న సొంపుగా వ్రాయగలదు. అయినను దుఃఖితునికి ఊరట కలిగించునది ఆ మనిషి విడిచి వచ్చిన పొలము, మారిన బస్సులు, కూర్చున్న పొద్దు. ఆ వచ్చినవాడు రేపు తన యింట కష్టము కలిగిన వేళ ఇతని రాకకై ఎదురుచూచును. మార్కమ్ తల్లి ట్యూరింగ్‌కు చేసినది ఇట్టి పలుకరింపే. యంత్రమునకు మనవలన కావలసిన రాకయు లేదు, అది మనకై విడిచి వచ్చు పనియు లేదు.

కావున విద్యార్థి చేతినుండి ఫోను లాగికొనుటవలన ఈ సమస్య తీరదు. ఒక బాలుడు యంత్రమును ఆశ్రయించినాడనగా, తన మాట విని తిట్టనివారు, నవ్వనివారు, పదుగురికి చెప్పనివారు తన చుట్టు లేరని ఆతడు తలచినాడని అర్థము. ఆ తలంపు పొరపాటేయని ఋజువు చేయవలసినవారు తల్లిదండ్రులును, ఉపాధ్యాయులును. మార్కులు తగ్గినవాడు, స్నేహితుని పోగొట్టుకొన్నవాడు, ఇంట అప్పుల బాధ కన్నవాడు తరగతి ముగిసిన పిమ్మట వచ్చి బల్లవద్ద నిలువబడినపుడు, హాజరుపట్టీ మూసి అయిదు నిమిషములు వినుట ఏ ఉపాధ్యాయునకైనను సాధ్యమే. అంతకు మించిన సాయము కావలసినచో భారత ప్రభుత్వము 2022 అక్టోబరులో టెలి మానస్ అను సేవను ఏర్పాటు చేసినది. 14416 సంఖ్యకు ఫోను చేసినచో రేయింబవళ్లు మనుష్యులే పలుకుదురు, తెలుగులో మాటాడవచ్చును.

తుంగభద్రపై వంతెన కట్టిన ఇంజనీరు మనుమడు, కర్నూలు పల్లెల లెక్కలు చూచిన దొర కుమారుడు, యంత్రము ఏనాటికైనను మనిషివలె మాటాడునని చెప్పెను. ఆ మాట నిజమైనది. తన శోకమును చెప్పుకొనుటకు ఆతడు స్నేహితుని తల్లిని, ప్రేమించిన స్త్రీని, శరణార్థియైన వైద్యుని వెదకి వెళ్లినాడను మాటయు అంతే నిజము. విద్యార్థులు ఆతని గణితముతోబాటు ఈ రెండవ మాటను గూడ చదువుకొనుట మేలు. ఉపాధ్యాయులు సాయంకాలము బడి గంట మ్రోగిన వెంటనే గది తలుపు మూయక, కొంచెము తెరచి ఉంచుట మేలు.